సిరిసిల్లలో తరిమెన

కరీంనగరమునకు పడమటగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున మానేటి యొడ్డున నున్న పట్టణము సిరిసిల్ల. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, వేములవాడ రాజన్న పేరు ముందు చేర్చి, దీనిని క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణముగా జేసిరి. బట్టల యంగడికి బోవు సోదరీమణుల కీ యూరిపేరు క్రొత్త గాదు. కాని నేనిప్పుడు వ్రాయబోవునది చీరలను గూర్చి కాదు. ఆ యూర మగ్గముల చప్పుళ్ల నడుమ మా మేనమామగారి పెరటికొట్టములో తరిమెన యొకటి కలదు. తరిమెన యనగా మ్రానును గిఱ్ఱున ద్రిప్పుచు ఉలితో గుండ్రముగా జెక్కు సాధనము. నేటివారు లేతు మిషను అందురు. దానిపై వ్రాతకలములను జేయుట నా వేడుక. జబ్బుచేత ఎనిమిది మాసములు విడిచిపెట్టిన యా వేడుకను మరల జేపట్టుటకై గడచిన ఫాల్గుణమాసమున ఇరువది దినము లా యూర నుండి వచ్చితిని. అక్కడ గన్నవియు విన్నవియు, నా చేతికి దెలిసివచ్చినవియు సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మేముండునది కోరుట్ల చేరువ నొక పల్లె. మా వారక్కడి బడిలో ఉపాధ్యాయులు. పోయిన వానకాలమున మా యూర నింటింట జ్వరములు వచ్చెను. నాకు వచ్చినది చికున్‌గున్యా. ఈ పేరు మన భాషలది కాదు. ఆఫ్రికాఖండమున మకొండే యను జనుల నుడి. నొప్పులచేత మనిషి వంగిపోవుటను ఆ మాట తెలుపునట. 1952లో నేటి టాంజానియా దేశమున దీనిని మొదట గుర్తించిరి. 2006లో మన దేశమున నిది విపరీతముగా వ్యాపించినది. పగటిపూట గుట్టు ఈడిస్ అను దోమచేత నిది యొకరినుండి యొకరికి బ్రాకును. జ్వరము కొలది దినములలోనే తగ్గును గాని, కీళ్లనొప్పులు కొందఱికి వారములు, కొందఱికి మాసములు, కొందఱికి సంవత్సరములు నిలుచును. దీనిని మొదలంట ద్రుంచు ప్రత్యేకమైన మందు లేదు. వైద్యులు నొప్పికి మందిచ్చి, విశ్రాంతి చెప్పి, ఓర్పు వహింపుమందురు.

నా విషయమున నొప్పులు వ్రేళ్లలో నిలిచినవి. తెల్లవారి లేచునప్పటికి పిడికిలి మూయరాదు, మూసినచో దెరువరాదు. జొన్నరొట్టె కొట్టుట మా యత్తగారు పైని వేసికొనిరి. పిల్లవాని చొక్కాకు గుండీలు పెట్టుట వాడే నేర్చికొనెను. ఇవన్నియు నెట్లో గడచినవి. గడవనిది వ్రాత. ధర్మపురిలో మా తాతగా రున్నారు. నన్ను బడికి బంపక, తమ యొడిలో గూర్చుండబెట్టుకొని అమరము, రఘువంశము, పోతనగారి భాగవతము చదివించినవారు వారే. వయసుచేత వారికి వినికిడి పోయినది. చరవాణి యున్న కాలమే యైనను వారితో మాటలాడుటకు కార్డు తప్ప మఱియొక దారి లేదు. నెలకు రెండు కార్డులు నేను వ్రాయుదును. రెంటికిని వారు బదులు వ్రాయుదురు. జబ్బుపడిన పిమ్మట నేను చెప్పగా మా వారు వ్రాయసాగిరి. మూడవ కార్డునకు తాతగారి బదులులో చివర నొక ముక్క యుండెను: “మాట నీది, అక్షరము నీది గాదు. చేతికేమైన దమ్మా?” ఆ ముక్క చదివిన దినమున నాకు నా జబ్బు పూర్తిగా దెలిసివచ్చినట్లయ్యెను.

ఫాల్గుణము వచ్చునప్పటికి నొప్పి సగమునకు దిగెను గాని బిగువు పోలేదు. వ్రేళ్లను ఊరక యుంచవలదు, అలయనీయకుండ మెల్లగా బని చేయింపుమని వైద్యుడు చెప్పెను. మా మామ కీ మాట దెలిసి, “తోలియ్యిండ్రి సారూ, పనే దవ్వ” యని మా వారికి గబురంపెను. ఇట్లు నా ప్రయాణము సిద్ధించినది.

కోరుట్లనుండి వేములవాడకు బోవు బస్సు కథలాపురము, రుద్రంగి, చందుర్తి మీదుగా బోవును. ఆ దినములలో మా వైపు పసుపు త్రవ్వి యుడుకబెట్టుదురు. ఊరు దాటువఱకు పసుపుకాగుల యావిరి మనతోడనే వచ్చును. తరువాత గుట్టలు మొదలగును. ఆకు రాలిన మోదుగలు కొమ్మకొమ్మను ఎఱ్ఱగా బూచి యుండెను. ఆ గుట్టలలో దునికిచెట్లును మెండు. ఆ యాకే బీడీలకు ఆధారము. దాని సంగతి ముందు వచ్చును.

వేములవాడలో దిగి రాజరాజేశ్వరస్వామిని సేవించితిని. ఇక్కడ కోడెమొక్కు ప్రసిద్ధము. మ్రొక్కుకొన్నవారు కోడెను బట్టుకొని ప్రదక్షిణము చేసి గుడియొద్ద గట్టివేయుదురు. భక్తి మాట యటుండగా, చదువుకొన్న యాడువారీ యూర దలచుకొనవలసిన సంగతి యింకొకటి కలదు. పదవ శతాబ్దిలో వేములవాడ చాళుక్యరాజుల రాజధాని. రెండవ అరికేసరి యాస్థానమున నుండి, కన్నడమున నాదికవి యనిపించుకొన్న పంపడు 941లో విక్రమార్జునవిజయమును రచించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలమునందలి కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును గలవు. తెలుగు కందపద్యములలో మనకు దొరికిన మిక్కిలి ప్రాతవి యందున్నవే. 2008లో మన భాషకు బ్రాచీనభాషా గౌరవము వచ్చినప్పుడు పండితు లీ శాసనమును సాక్ష్యముగా జూపిరి. అన్న తాటాకుపై గంటముతో వ్రాసినది కన్నడమునకు బెన్నిధియైనది. తమ్ముడు బండపై ఉలితో జెక్కించినది తెలుగునకు నిలిచినది. ఉలియు గలమును జ్ఞాతు లని నాకు దోచుట ఈ కారణముననే.

ఈ వేములవాడ చేరువనే హనుమాజిపేట యను పల్లెలో 1931లో డాక్టరు సి. నారాయణరెడ్డిగారు జన్మించిరి. వీధిబడిలో నోనమాలు దిద్ది, సిరిసిల్లకు వచ్చి ఉర్దూ మాధ్యమమున జదివిరి. నిజాముకాలపు బడి యది. పరభాషలో జదివిన యా బాలుడే తరువాత విశ్వంభరను వ్రాసి 1988వ సంవత్సరమునకు జ్ఞానపీఠ పురస్కారమును బడసెను. సిరిసిల్ల బడులలో జదువు పిల్లల కీ సంగతి కంఠస్థము.

వేములవాడనుండి సిరిసిల్ల పండ్రెండు కిలోమీటర్లకు మించదు. ఊరు కంటబడుటకు ముందే చెవిని బడును. టకటక, టకటక యని వీధివీధిని రాత్రింబవళ్లు నొకటే చప్పుడు. ఇది చేతిమగ్గముల చప్పుడు కాదు. కరెంటుతో నడచు మరమగ్గములది. వాని నిక్కడివారు సాంచాలు అందురు. ఇరువది వేలకు మించిన సాంచా లీ యొక్క యూర నున్నవి. ఒకప్పుడు గుంటమగ్గములే యుండెను. 1970లో నిక్కడ సహకార విద్యుత్సంఘ మేర్పడినది; పల్లెపల్లెకు గరెంటు సహకారపద్ధతిని నందించిన సంఘము లరుదు, అందు నిది యొకటి. కరెంటు వచ్చినపిమ్మట మగ్గము మరయైనది. నూలు చాలవఱకు బోయి పాలిస్టరు వచ్చినది. బట్ట పెరిగెను గాని నేతగాని చేతి కూలి పెరుగలేదు. నూలువెల యొకచోట, గుడ్డవెల యొకచోట దీర్మానమగుచుండ, నడుమ నప్పులపాలై గడచిన శతాబ్దము చివరను ఈ శతాబ్దము మొదటను ఎందఱో యిక్కడ ప్రాణములు దీసికొనిరి. ఆ దినములలో బత్రికలు సిరిసిల్లను ఉరిసిల్ల యని వ్రాసెను. ఆ మాట యిప్పటికిని ఈ యూరివారి యెదుట ననరాదు. 2017 మొదలు కొన్నేండ్లపాటు రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ చీరలను నేయించినప్పుడు సాంచాలకు జేతినిండ బని దొరికెను. ఇట్టి పని యున్నప్పుడు వీధులలో నవ్వు వినవచ్చును. లేనప్పుడు సాంచాల చప్పుడు సన్నగిల్లును. ఆ చప్పుడే యీ యూరి నాడి.

మరల నడుమ చేతిమగ్గ మింకను బూర్తిగా బోలేదు. 2022లో మన దేశము జి-20 రాజ్యముల సభకు నాయకత్వము వహింపబోవుచుండగా, ఇక్కడి నేతకాడు వెల్ది హరిప్రసాద్ గారు దాని చిహ్నమును దమ చేతిమగ్గముపై నేసి ప్రధానమంత్రి కంపిరి. ఆ సంగతిని ప్రధానమంత్రి రేడియోలో దేశమునకెల్ల జెప్పిరి.

సిరిసిల్లలో మగవారు సాంచాలపై నుందురు. ఆడువారు కండెలు చుట్టుదురు, బీడీలు చేయుదురు. కండె యనగా నాడెలో బెట్టు నూలుపుల్ల. నాడె యటునిటు బరుగెత్తుచుండగా గండెనుండి పేకనూలు విడివడుచుండును. పడుగుపోగు లొక్కొక్కటిగా అతుకు పనిని వైపని యందురు. ఏ పనియైనను వ్రేళ్లకొనలతోనే. ఈ యూరి యన్నమంతయు వ్రేళ్లనుండియే పుట్టుచున్నదని నాకు మునుపు దోచలేదు. వ్రేళ్లు బిగిసిన మనిషినై యక్కడికి బోయినందున దోచినది.

మా మామ తండ్రి కాలమున తరిమెనకు బని యెక్కువ. చేతిమగ్గముల కండెలు, రాట్నపు భాగములు, ఆసు గుంజలు, ఇవన్నియు మ్రానితో జేయవలసినవే. ఇప్పుడు కండెలు ప్లాస్టిక్కువి వచ్చినవి. మామ నేడు చేయునవి చపాతికఱ్ఱలు, పప్పుగుత్తులు, మంచపుకోళ్లు, పిల్లల బొంగరములు. కాలితో ద్రొక్కు ప్రాత తరిమెనకు బదులు చిన్న మోటారు గట్టిన తరిమెన యున్నది. నా పెండ్లియైన క్రొత్తలో మా వారు సిరిసిల్ల చేరువ బడిలో నుండగా, సెలవుదినములలో నేను మామ యొద్ద నీ పని నేర్చితిని. అత్తమ్మ నవ్వుచు, “ఆడివిల్లవు, నీకెందుకే వడ్లపని” యనెడిది. కాని యులి నూఱి చేతికిచ్చునది యామెయే.

తెలుగువారికి కలములు చేయుట క్రొత్త విద్య కాదు. రాజమహేంద్రవరమున కోసూరి వేంకటరత్నముగారు 1932లో దేశీయముగా ఫౌంటెన్ కలమును జేసిరి. గాంధీమహాత్ముడు స్వదేశివస్తువులను జేయుమని బోధించుట వారికి బ్రేరణము. గ్రామపరిశ్రమల సంఘమున బనిచేయుచున్న కుమారప్పగారి ద్వారా ఆ కలము మహాత్మునికి జేరెను. ఆయన దానితో వ్రాసి చూచి, అంగళ్లలోని పరదేశపు కలములకు బదులుగా దగియున్నదని 1935లో రత్నముగారికి జాబు వ్రాసిరి. రత్నం కలము ఎబొనైటుతో జేయబడును. ఎబొనైటనగా గంధకము చేర్చి కాచి గట్టిపఱచిన రబ్బరు. ఆ కడ్డీని తరిమెనపై నెక్కించి చేతియులితో జెక్కి, తొలిచి, మరలు దిద్ది, మెఱుగు పెట్టుదురు. ఒక్కొక్క కలమును బట్టువాని చేతికి దగినట్లు చేయవచ్చును. ఇక మ్రానిబొమ్మలలో ఏటికొప్పాక తరిమెనపని లోకమున బేరొందినది. అక్కడ అంకుడుకఱ్ఱను ద్రిప్పుచు రంగులక్కను తగిలించినచో, రాపిడివేడికి లక్క కరగి కఱ్ఱకు బట్టుకొనును. 2017లో నా బొమ్మలకు భౌగోళికచిహ్నపు గుర్తింపు లభించెను.

నేను జేయునవి మ్రానికలములు. రీఫిలు, ముల్లు, త్రిప్పుడు మర, చొక్కాజేబు కొక్కెము, ఇత్తడి గొట్టములు, ఇవి బజారులో దొరకును. వానిపై బట్టించు మ్రానితొడుగే మన పని. ముందుగా ముప్పాతిక అంగుళపు చదరపు చెక్కను గొట్టముపొడవునకు గోసి, నడుమ 7 మిల్లిమీటర్ల బెజ్జమును బరమాతో నిటారుగా దొలువవలెను. ఇక్కడ త్వరపడిన చెక్క చీలును. బరమాను నడుమనడుమ బైకి దీసి పొట్టును దులుపుచుండవలెను. ఇత్తడి గొట్టమునకు గరుకుకాగితము రాచి, జిగురు పూసి, బెజ్జములో ద్రిప్పుచు జొనిపి, రాత్రియంతయు నాఱనీయవలెను. కొనలు రెండును గొట్టము కనబడువఱకు సమముగా జేసి, ఇనుపకడ్డీకి గ్రుచ్చి తరిమెన కెక్కింపవలెను. మొదట మూలలను దీయు గుండ్రటి యులి, తరువాత నునుపు జేయు వాలుటులి. ఆపైని గరుకుకాగితములు ముదుకనుండి మెత్తనిదాక వరుసగా బట్టి, చివర దిరుగుచుండగనే మైనమో లక్కయో గుడ్డతో రాచినచో మ్రానునందలి రేఖలు నీటిలో దడిసినట్లు మేలుకొనును.

ఈ పని చేయగోరు సోదరీమణులకు నాలుగు మాటలు. తరిమెనయొద్ద బైటకొంగు నడుమున బిగించి దోపవలెను. వదులుచేతుల రవికలు పనికిరావు. జడ ముడిచి కట్టవలెను. గాజులు, ఉంగరములు తీసి గూటిలో బెట్టవలెను. కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ యుండవలెను. మ్రాని సన్నపొడి యూపిరికి మంచిది కాదు. ఉలి నానుకొనబెట్టు దిమ్మె మ్రానికి మిక్కిలి చేరువగా నుండవలెను. మ్రాను తిరుగుచుండగా దిమ్మెను జరుపరాదు. మొద్దుటులి ప్రమాదకరము, పదునైన యులి మాట వినును. పిల్లలు దరిదాపుల నుండరాదు.

మొదటి దినమున మామ నన్ను తరిమెనను దాకనీయలేదు. “ముందుగాల అత్తమ్మతోని కండెలు చుట్టు బిడ్డా” యనెను. అయిదు దినములు పూటకు గంటసేపు రాట్నముకడ గూర్చుంటిని. కుడిచేత జక్రమును ద్రిప్పుట, ఎడమచేత నూలును వదలుట. బలము పనిలేదు, విడువక మెదలుటయే పని. ఆఱవదినమున మామ పొనికిచెక్క యిచ్చెను. నిర్మలబొమ్మలకు వాడు మ్రానది, వెన్నవలె మెత్తన. అయినను ఉలిపిడి నాచేత నిలువలేదు. పట్టు బిగించినకొలది వ్రేళ్లు మంటలెత్తెను. ఆ సాయంకాల మిక నా వలన గాదనుకొని కొట్టపు గడపపై గూలబడితిని.

ప్రక్కయింటి గడపలో నొకామె చాట నొడిలో బెట్టుకొని బీడీలు చేయుచుండెను. ఆమెకును నా జబ్బే వచ్చినదని అత్తమ్మ చెప్పెను. నా కంటె ముందే వచ్చినదట. ఎన్నాళ్లు పని మానితివని యడిగితిని. ఆమె తల యెత్తకయే యిట్లనెను: “పది దినాలక్కా. నీకు సారు జీతమున్నది, కూసుంటివి. నాకు వెయ్యికింత అని లెక్క. చెయ్యకుంటె పొయ్యి వెలగది.”

ఆ మాటలో నెత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పెను. వేయి బీడీల కింతయని కూలి. వేయి కాకున్న వేయి కూలి లేదు. ఆకు తడిపి, కత్తిరించి, తంబాకు పెట్టి, చుట్టి, దారము కట్టి, మూతి మడచుట. ఒక్కొక్క బీడీకి వ్రేళ్లెన్నిసారులు వంగవలెనో లెక్కించిన నాకు గుండె ఝల్లుమనెను. చూపుడువ్రేలు వంగనందున నామె యుంగరపువ్రేలితో మడచుట నేర్చుకొన్నది. కత్తెర కన్నులకు బాతగుడ్డ దట్టముగా జుట్టినది. “సన్నగున్నది పడితె నొస్తదక్కా, లావుగున్నది పడితె నొయ్యది” యనెను.

వైద్యశాస్త్రమునను నీ మాట కలదు. కీళ్లనొప్పిగలవారికి సన్నని పిడికంటె లావుపిడి సుఖము. వ్రేళ్లు చాల వంగనక్కఱలేదు, బిగించు బలమును దక్కువ చాలును. పుస్తకములు చదివిన నాకు దోచని దామె గుడ్డపేలికతో సాధించినది. నేను లేచి వెళ్లి మామకు జెప్పితిని. ఆయన నవ్వి, ఉలిపిడులకు సైకిలు ట్యూబు ముక్కలను, వానిపై గుడ్డను జుట్టి మణికట్టంత లావు చేసియిచ్చెను. మఱునాడు పొనికిచెక్క గుండ్రమైనది. దానితో బొంగర మొకటి చేసితిని. మామ మనుమడు దాని నాడించుచు వీధియంతయు దిరిగెను.

పదునాల్గవ దినమున గట్టిమ్రాను పట్టితిని. సాంచా నాడెలు అరిగినచో బాఱవేయుదురు. నాడె నడుమ కండెకై తొలిచియుందురు. రెండుకొనలు మాత్రము గట్టిగా నుండును, మొనలకు ఇనుపతొడుగులుండును. ఆ తొడుగులను దీసి, కొనలను గోసినచో గలమునకు గావలసిన రెండు ముక్కలును సరిగా దొరకును. పగలు రాత్రి యనక కొన్నియేండ్లు పడుగునడుమ బరుగెత్తిన మ్రానది. చేతులు తాకి, నూలు రాచి, నల్లబడి నున్ననై యుండెను. పైపొర తొలగినపిమ్మట లోన బసిమిగలిగిన గోధుమవన్నె బయల్పడెను. కలమును వాడుకగా జేయునంత సన్నముగా జేయలేదు. నడుమ లావుగా, మామిడిపిందె వలె నుబ్బించి, కొనలయందు మాత్రము ఇత్తడికి సరిపడ సన్నము చేసితిని. మునుపు నేను జేసిన కలములు చూపునకు సొగసైనవి. ఇది పట్టునకు సొగసైనది. రెండు దినములు పట్టెను. నడుమ నాలుగుసారులు చేయి కడుక్కొని వేన్నీళ్లలో నుంచుకొంటిని.

ఆ రాత్రియే తాతగారికి గార్డు వ్రాసితిని. ఏడు పంక్తులు, మునుపు పదునేడు వ్రాసెడిదానను. గుడులు వంకరలు, కొమ్ములు పొడవులు, వట్రుసుడులు చుట్టక విడివడిపోయినవి. అయినను నావే. సంగతులేమియు వ్రాయలేదు, మానేరు, మోదుగపూలు, మామ తరిమెన, నాడెముక్కతో గలము. కొలది దినములకు బదులు వచ్చినది. తాతగారు కలమును గూర్చి యొక్క ముక్కయు వ్రాయలేదు. నా కార్డులో మూడు తప్పులు దిద్ది, ఒకచోట సంధి తప్పినదని సూత్రముతో గూడ జూపి, చివర “ఇక పంక్తులు పెంచు” మనిరి. దానిని జదివి నేను నవ్వితినో యేడ్చితినో చెప్పలేను. అత్తమ్మ మాత్రము, “ముసలాయనకు నిమ్మళమైనది” యనెను.

మిగిలిన దినములలో జేసినది మఱియొక వస్తువు. బీడీమూతి మడచుటకు బ్రక్కయింటామె చిన్న ఇనుపపుల్ల వాడును. దానికి నాడెచెక్కతోనే యుబ్బిన పిడి యొకటి తిప్పి పట్టించితిని. కత్తెరకు బిడి చేయుట నా విద్యకు మించినది. దానికి మామ సైకిలు ట్యూబు తొడిగెను. ఆమె పుల్లను రెండుమూడుమాఱులు త్రిప్పిచూచి, పది బీడీల మూతులు మడచి, “ఇంకొంచెం పొట్టిగుండాలె” ననెను. కోసి యిచ్చితిని. వెంటనే పనిలో బడెను. రెండుదినముల తరువాత ఆ వాడలోని యిద్దఱు ముసలమ్మలు తమ పుల్లలను దెచ్చి మామ కొట్టము గడపపై బెట్టిపోయిరి. నేను వచ్చునప్పటికి ఐదు పిడులైనవి. ఆఱవదానిని మామ చేసియుండును.

ఉగాదికి నాలుగు దినములముందు మా వారు వచ్చి నన్ను దోడ్కొని వచ్చిరి. వచ్చునాటి సాయంకాలము మానేటి వంతెనయొద్దకు బోయితిమి. ఎగువ నర్మాలయొద్ద ప్రాత యానకట్ట. దిగువ మాన్వాడయొద్ద మధ్యమానేరు. ఆ జలాశయమున నెన్నో యూళ్లు మునిగినవి. ఆ యూళ్లనుండి వచ్చినవారు కొందఱు సిరిసిల్లలోనే సాంచాలపని నేర్చిరట. ఏటిగాలికిని సాంచాల చప్పుడు తగ్గలేదు.

జబ్బుపడి లేచిన సోదరీమణులకు నా మనవి యిది. జబ్బునకు ముందు మీ చేతికేదైన ఇష్టమైన పని యుండినచో, కుట్టుపని గానిండు, వీణ గానిండు, ముగ్గు గానిండు, వైద్యుని యనుమతి గొని, దానిని చిన్నపనితో మొదలుపెట్టి మరల బట్టుకొనుడు. వెనుకటియంత చేయవలెనని పంతము వలదు. పిడి లావు చేసికొనుడు. పని పొట్టి చేసికొనుడు. నొప్పి పెరిగిన యాపుడు. అట్లే యింటిచుట్టు డబ్బాలలో, పూలకుండ్ల పళ్లెములలో, పాతటైర్లలో నీరు నిలువనీయకుడు. వారమునకొక్కమాఱైన నీళ్లతొట్లను గడిగి యాఱబెట్టుడు. ఈ జ్వరము దెచ్చు దోమ యా నిలువనీటనే పుట్టును. మీ పనికత్తెయో, పొరుగింటి కూలిమనిషియో మీ జబ్బే పడినచో, ఆమె కెన్ని దినములు కూర్చుండ వీలున్నదో యొక్కమా టడుగుడు.

ఈ వ్యాసమును నాడెకలముతోనే వ్రాసితిని. ఒక్క కూర్చుండిలో గాదు, పండ్రెండు దినములలో.